ఆట లేని నాటి ఉప్పల్

'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అని మన పెద్దలు ఊరక అనలేదు. ఈ రెండు పనులలో ఏ ఒక్కటి తలపెట్టినా గృహస్థు చేతిలోని ధనమునకు, మనసులోని నిబ్బరమునకు పరీక్ష తప్పదు. ఇక రెండింటిని ఒకే ముహూర్తమునకు తలకెత్తుకొన్నవాని పాట్లు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక నగరము పెద్ద ఆటల పండుగకు ఆతిథ్యమీయ బూనినప్పుడు చేసేది సరిగా ఇదే. లోకమంతా వచ్చి చూచే వేడుక జరిపించవలెను, అది పెండ్లి. ఆ వేడుకకై మైదానములు, దారులు, వంతెనలు, వసతి గృహములు నిర్మించవలెను, అది ఇల్లు. పెండ్లి నాలుగు నాళ్లలో ముగుస్తుంది. ఇల్లు తరముల పాటు నిలుస్తుంది. అయినా చూచేవారి కన్నులెప్పుడూ పెండ్లి పందిరి మీదనే ఉంటవి.

క్రీడోత్సవముల వలన నగరములు పెరుగుతవా? పెరిగితే ఎవరి కొరకు పెరుగుతవి? ఈ ప్రశ్నలను పరిశీలించుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. హైదరాబాదు నగరమునకు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారము ప్రాంతములను చూస్తే చాలును. అంతర్జాతీయ క్రికెట్టు మైదానము అక్కడ వెలసి ఇరువది ఏండ్లు నిండినవి. పెండ్లి సందడి కొంత సద్దుమణిగి, ఇంటిని నిదానముగా చూడగల సమయము వచ్చినది.

ఊరి పేరులో ఉన్న చరిత్ర

ఉప్పల్‌కు పాత లెక్కలలోని పేరు ఉప్పల్ కలాన్. 'కలాన్' పారసీక పదము. పెద్దది అని అర్థము. ఒకే పేరుగల రెండు పల్లెలుంటే పెద్దదానికి 'కలాన్' అనీ, చిన్నదానికి 'ఖుర్ద్' అనీ చేర్చి వ్యవహరించడము నిజాము నాటి రెవెన్యూ పద్ధతి. ఉప్పల్‌ను ఆనుకొని మూసీ ఒడ్డున ఉన్న భూమికి ఉప్పల్ భగాయత్ అని పేరు. 'బాగ్' అనగా తోట. 'బాగాయత్' అనగా నీటి వసతి గల తోట భూమి. మెట్టకు ఖుష్కి, మాగాణికి తరి, తోటకు బాగాత్ అని ఆనాటి లెక్కలలో వేరువేరు తరగతులుండేవి. ఆ రెండక్షరాల మాటలోనే ఆ నేల వృత్తి తెలియవస్తున్నది. ఏటి నీటితో తోట పంటలు పండించుకొన్న నేల అది. కాలక్రమమున మూసీలో నగరపు మురుగు చేరినది. తోటల స్థానమున పశువుల మేతకై పెంచే గడ్డి మూసీ వెంట బలిసినది. పేరు మాత్రము తోటగానే మిగిలినది.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాతి దశాబ్దములలో ఈ తూర్పు దిక్కున పరిశ్రమలు వెలసినవి. నాచారము, ఉప్పల్, మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి ఒకదాని తరువాత ఒకటిగా పారిశ్రామిక వాడలైనవి. కార్మికుల కొరకు నాచారములో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి వెలసినది. నందమూరి తారక రామారావు గారు తమ రామకృష్ణా సినీ స్టూడియోను నాచారములోనే నెలకొల్పినారు. మరొక ప్రక్క విజ్ఞాన సంస్థలు వచ్చినవి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడినది. సి.సి.ఎం.బి. అని మనము పిలుచుకొనే కణ, అణు జీవశాస్త్ర కేంద్రము 1977లో ఏర్పడినది. రెండింటి ఆవరణలును హబ్సీగూడ నుండి ఉప్పల్ పోయే దారిలోనే ఉన్నవి.

ఈ వివరములన్నీ చెప్పుటకు కారణమున్నది. ఉప్పల్ అనగా మైదానమే గుర్తుకు వచ్చే నేటి విద్యార్థికి, మైదానము రాకముందు అక్కడ ఏమీ లేదనే భ్రమ కలుగవచ్చును. యంత్రపు చప్పుడు, కూలివాని చెమట, శాస్త్రజ్ఞుని ప్రయోగశాల, వరంగల్లు బస్సుల రద్దీ ఇవన్నీ ఆటకు ముందే అక్కడ ఉన్నవి.

ఫతే మైదానము నుండి ఉప్పల్‌కు

హైదరాబాదులో పెద్ద క్రికెట్టుకు తొలి ఇల్లు నగరము నడిబొడ్డున, బషీర్‌బాగ్ దగ్గర ఉన్న ఫతే మైదానము. ఫతే అనగా విజయము. 1687లో గోలకొండను ముట్టడించిన మొగలు సేనలు ఇక్కడ విడిది చేసినవని, విజయానంతరము ఆ పేరు వచ్చినదని చెబుతారు. 1955 నవంబరులో న్యూజీలండు జట్టుతో ఇక్కడ మొదటి టెస్టు జరిగినది. ఆ ఆటలో పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేసినాడు. టెస్టు క్రికెట్టులో భారతీయుడు సాధించిన మొదటి ద్విశతకము అదే. 1967లో ఆ మైదానమునకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టినారు. 1969లో, 1988లో మరి రెండు టెస్టులు జరిగినవి. ఆ రెండింటిలోను ప్రత్యర్థి న్యూజీలండే. 1987, 1996 ప్రపంచ కప్పు పోటీలలో ఒక్కొక్క ఆట ఇక్కడికి వచ్చినది. 1999 నవంబరు 8న సచిన్ టెండూల్కర్ 186 పరుగులు చేసి అజేయుడుగా నిలిచినది కూడ ఈ గడ్డ మీదనే.

ఆ మైదానమునకు మరొక లక్షణమున్నది. అది ఆటకు మాత్రమే పరిమితము కాలేదు. 1983 జనవరి 9న నందమూరి తారక రామారావు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారము చేసినది అక్కడనే. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు, 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి గారు ప్రమాణము చేసినదీ అక్కడనే. ఆటల పోటీలు, బహిరంగ సభలు, పండుగ వేడుకలు అన్నింటికీ ఆ నేల చోటిచ్చినది. ఊరి నడుమ ఉన్న రచ్చబండ వలె అది పదిమందిది.

కాని నగరము పెరిగినది. చుట్టును కార్యాలయములు, అంగళ్లు కమ్ముకొన్నవి. వాహనములు నిలుపుటకు చోటు కరవైనది. పైగా అది ప్రభుత్వ క్రీడా శాఖ అధీనములోని మైదానము. క్రికెట్టు సంఘమునకు సొంత ఇల్లు కావలసి వచ్చినది. విశాలమైన స్థలము నగరపు అంచున, పారిశ్రామిక వాడల సరసన దొరికినది. ఆ విధముగా క్రికెట్టు ఉప్పల్‌కు తరలినది.

2005 నవంబరు 16న భారత, దక్షిణాఫ్రికా జట్ల నడుమ జరిగిన ఒక్క రోజు ఆటతో కొత్త మైదానము అంతర్జాతీయ పటములోనికి ఎక్కినది. యువరాజ్ సింగ్ 103 పరుగులు చేసినా విజయము ఐదు వికెట్ల తేడాతో దక్షిణాఫ్రికాకే దక్కినది. 2010 నవంబరులో తొలి టెస్టు జరిగినది. చిత్రమేమనగా, ప్రత్యర్థి ఈసారి కూడ న్యూజీలండే! 2008 నుండి ఐ.పి.ఎల్. పోటీలు వచ్చినవి. 2017, 2019 సంవత్సరములలో ఆ పోటీల తుది సమరము ఉప్పల్‌లోనే జరిగినది. రెండుసార్లును ముంబై జట్టు ఒకే ఒక్క పరుగు తేడాతో గెలిచినది. 2023 ప్రపంచ కప్పులో మూడు ఆటలు ఇక్కడ జరిగినవి. సుమారు 39,000 మంది కూర్చొనగల రాజీవ్ గాంధీ అంతర్జాతీయ మైదానము ఈ విధముగా ఉప్పల్ పేరును దేశదేశముల ఆకాశవాణులలో, దూరదర్శనములలో వినిపించినది.

పండ్రెండేండ్ల ఎడము

ఇక ఇంటి లెక్క చూడవలెను. మైదానము వచ్చిన పిమ్మట ఉప్పల్‌కు ఏమేమి వచ్చినవి?

2007 ఏప్రిల్‌లో ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము, చుట్టుప్రక్కల మరి పదకొండు పురపాలక సంఘములతో పాటు, మహా హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసినది. 2012లో మెట్రో రైలు నిర్మాణము నాగోలు వైపు నుండి మొదలైనది. 2017 నవంబరు 28న మెట్రోకు ప్రారంభోత్సవము జరిగి, నాగోలు, ఉప్పల్, స్టేడియం, ఎన్.జి.ఆర్.ఐ., హబ్సీగూడ అని వరుసగా నిలయములు వెలసినవి. 2018లో వరంగల్లు దారిపై ఉప్పల్ నుండి నారపల్లి వరకు ఎత్తైన వంతెన రహదారి తలపెట్టినారు. అది ఏండ్ల తరబడి సాగి, క్రింది దారిన పోయేవారి ఓర్పును పరీక్షించినది. 2023 జూన్‌లో ఉప్పల్ కూడలిలో పాదచారుల కొరకు 660 మీటర్ల ఆకాశ నడక దారి, అనగా జనము స్కైవాక్ అని పిలిచేది, తెరచినారు.

ఈ తేదీలను వరుసగా పేర్చి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతున్నది. మొదటి అంతర్జాతీయ ఆటకు, మొదటి మెట్రో రైలుకు నడుమ పండ్రెండేండ్ల ఎడమున్నది. ఆట కొరకే రైలు వచ్చినదైతే ఇంత ఆలస్యము కాదు. రైలు వచ్చినది ప్రతి ఉదయము సికింద్రాబాదుకు, అమీర్‌పేటకు, ఆపైన పడమటి దిక్కునకు పనికి పోయే వేలాది మంది కొరకు. వంతెన తలపెట్టినది వరంగల్లు, భువనగిరి, యాదగిరిగుట్టల వైపు పోయే వాహనముల ఒత్తిడి వలన. స్కైవాక్ కట్టినది బస్సు దిగి ఆవలి ప్రక్కకు ప్రాణములరచేత పెట్టుకొని పరుగెత్తే పాదచారి కొరకు. వీటిలో ఏ ఒక్కటియు క్రికెట్టు ఆట గర్భమున పుట్టలేదు.

మరి మైదానము ఏమి ఇచ్చినది? ఇచ్చినదానిని కాదనరాదు. మొట్టమొదట ఒక పేరు ఇచ్చినది. మెట్రో నిలయమునకు 'స్టేడియం' అనియే పేరు పడినది. ఇండ్ల స్థలములమ్మేవారు మైదానమునుండి దూరమును లెక్కగట్టి ధర చెప్పుకొన్నారు. ఆట ఉన్ననాడు జెండాలు, టోపీలు, రంగుల చొక్కాలమ్మి, బుగ్గలపై రంగులద్ది నాలుగు రూపాయలు కళ్లజూచే చిరువ్యాపారులున్నారు. ప్రత్యేక బస్సులు నడుస్తవి. మెట్రో రైళ్ల వేళలు పొడిగిస్తారు. పేరు, ధర, ఒకనాటి బేరము: ఇవి మైదానము పుణ్యము. దారి, నీరు, వాహన సౌకర్యము మాత్రము ఆ ప్రాంతపు జనసంఖ్య తన అవసరముతో తాను సాధించుకొన్నవి.

ఇచ్చినదాని వెంట పోయినది కూడ చెప్పుకోవలెను. ఉప్పల్ భగాయత్‌లో రైతుల వద్ద నుండి ఏడు వందల ఎకరములకు పైగా భూమిని నగరాభివృద్ధి సంస్థ సేకరించినది. అందులో కొంత మెట్రో రైళ్లు నిలిపే డిపోకు, కొంత మురుగునీటి శుద్ధికి పోయినది. మిగిలినదానిలో వీధులు తీర్చి ప్లాట్లు వేసినారు. రైతులకు పరిహారముగా ఆ ప్లాట్లలో భాగమిచ్చినారు. 2019 నుండి మిగిలిన ప్లాట్లను వేలము వేసినారు. దీనికి క్రికెట్టును నిందించుట తగదు. అయితే మైదానము, మెట్రో సమీపములో ఉండుట ఆ వేలపు పాటలో ధరకు బలమిచ్చినదనుటలో సందేహము లేదు.

లోకము నేర్పిన పాఠములు

ఈ అనుభవము ఉప్పల్ ఒక్కదానిది కాదు. 1964లో టోక్యో నగరము ఒలింపిక్ క్రీడలను జరిపినది. క్రీడలు ఆరంభము కావడమునకు సరిగా తొమ్మిది రోజుల ముందు, అక్టోబరు 1న, టోక్యో నుండి ఒసాకాకు ప్రపంచములోనే మొదటి అతివేగ రైలు కదలినది. ఆ రైలు ఆలోచన క్రీడల వలన పుట్టినది కాదు. జపాను పరిశ్రమల అవసరము దానిని కన్నది. క్రీడలు దానికి ముహూర్తమును నిర్ణయించినవి. మన ఇండ్లలో కూడ ఏండ్ల తరబడి వాయిదా పడిన గోడ సున్నము పెండ్లి నిశ్చయమైన నెలలోనే పడుతుంది గదా!

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ కెనడాలోని మాంట్రియల్. 1976 క్రీడల కొరకు ఆ నగరము కట్టిన మహా మైదానపు అప్పు తీరేసరికి 2006వ సంవత్సరము వచ్చినది. క్రీడలనాడు పుట్టిన పసివాడు అప్పు తీరేనాటికి ముప్పది ఏండ్లవాడైనాడు. మైదానము కట్టుట ఒక ఖర్చు. దానిని పోషించుట అంతులేని ఖర్చు. ఉప్పల్‌లో కూడ 2024 ఏప్రిల్‌లో ఐ.పి.ఎల్. ఆటకు ముందునాడు, బకాయిల విషయమై విద్యుత్తు సరఫరా నిలిపివేసిన వార్త పత్రికలలో వచ్చినది. వేల దీపముల వెలుగు వెనుక ఎవరో ఒకరు చెల్లింపవలసిన బిల్లు ఎప్పుడును ఉంటుందని అది గుర్తుచేసినది.

మన దేశములో 1982 ఏషియా క్రీడలు ఢిల్లీకి పెద్ద మైదానములను, పైవంతెనలను, క్రీడాగ్రామమును ఇచ్చినవి. ఆ నిర్మాణములలో పనిచేసిన కూలీలకు కనీస వేతనము అందకపోవడముపై ప్రజాస్వామిక హక్కుల సంఘము సుప్రీం కోర్టునకు పోగా, కనీస వేతనమునకు తక్కువ ఇచ్చి పని చేయించుట రాజ్యాంగము 23వ అధికరణము నిషేధించిన వెట్టియే అగునని న్యాయస్థానము అదే సంవత్సరము తీర్పు చెప్పినది. ఢిల్లీ వంతెనలకన్న ఆ తీర్పు ఆయువు ఎక్కువ. క్రీడల వలన దేశమునకు దక్కిన మేలులలో అదియు ఒకటని పౌరశాస్త్రము బోధించేవారు విద్యార్థులకు చెప్పదగును.

మన ఉప్పల్‌కు మిక్కిలి దగ్గరి పోలిక లండనులో ఉన్నది. 2012 ఒలింపిక్ క్రీడలను ఆ నగరము తన తూర్పు భాగమున, పాత కర్మాగారములు, మలినమైన కాలువలు ఉన్న స్ట్రాట్‌ఫర్డ్ ప్రాంతమున జరిపినది. విషపూరితమైన మట్టిని శుభ్రపరచి, కాలువలను బాగుచేసి, క్రీడానంతరము ఆ స్థలమును ప్రజలకు ఉద్యానవనముగా తెరచినది. అయితే అక్కడ కూడ ఒక భగాయత్ ఉండేది! శతాబ్దము నాటి నుండి సామాన్య కుటుంబములు కూరగాయలు పెంచుకొంటూ వచ్చిన మేనర్ గార్డెన్ మడులను 2007లో ఖాళీ చేయించినారు. ఉద్యానవనము వచ్చినది, పెరటి మడులు పోయినవి. నగరాభివృద్ధి అనే త్రాసులో రెండు తట్టలూ ఉంటవి. పత్రికల ఛాయాచిత్రములలో ఒక తట్టయే కనబడుతుంది.

పడమటి దిక్కు, తూర్పు దిక్కు

దూరపు కొండలు విడిచి మన నగరమునకే వస్తే, పడమటి దిక్కున గచ్చిబౌలి ఉన్నది. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలకు, 2003లో ఆఫ్రో-ఏషియా క్రీడలకు, 2007లో సైనికుల ప్రపంచ క్రీడలకు హైదరాబాదు ఆతిథ్యమిచ్చినది. గచ్చిబౌలి మైదానము, ఇండోరు మందిరము ఆ సందర్భమున వెలసినవి. 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు కూడ అక్కడనే జరిగినవి. ఆ ప్రాంతము నేడు ఆకాశమునంటే మేడలతో నిండిపోయినది గనుక, ఆటలే దానిని పెంచినవని చెప్పేవారున్నారు. కాని కేంద్రీయ విశ్వవిద్యాలయము 1974లోనే ఏర్పడినది. సైబర్ టవర్సు 1998లో తెరచినారు. ఆటలు వచ్చేనాటికే అక్కడ విత్తనము మొలకెత్తియున్నది. ఆటలు కొంత నీరు పోసినవి.

గచ్చిబౌలిలో మెచ్చుకొనదగిన ఘట్టమొకటి ఉన్నది. క్రీడాకారుల వసతికై కట్టిన అక్కడి ఎత్తైన భవనమును 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు ప్రభుత్వము ఆసుపత్రిగా మార్చినది. పెండ్లికి వేసిన విడిది ఆపత్కాలమున ఊరివారికి ఆశ్రయమైనది. కట్టడమునకు ఒకటికి మించిన ఉపయోగముండుట ఎంత అవసరమో దీనివలన తెలియుచున్నది.

అయితే క్రీడా వసతులు పడమట పేరుకొనుట వలన తూర్పువారికి కలిగిన శ్రమ చిన్నది కాదు. ఒలింపిక్ పతకములు రెండు గెలిచిన పి.వి. సింధు చిన్ననాడు సికింద్రాబాదు నుండి గచ్చిబౌలిలోని పుల్లెల గోపీచంద్ అకాడెమీకి ప్రతిదినము నగరమంతా దాటి పోయి వచ్చినది. ఆమె తల్లిదండ్రులు ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు; బిడ్డ శ్రమ విలువ ఎరిగినవారు. నాచారములో షిఫ్టు పని చేసి అలసివచ్చిన కార్మికుని కూతురికి ఆ ప్రయాణము ఎట్లు సాధ్యము?

ఆట లేని నాడు

ఇక్కడనే అసలు ప్రశ్న ఎదురవుతున్నది. ఉప్పల్ మైదానములో ఏడాదికి ఎన్ని పెద్ద ఆటలు జరుగుతవి? ఐ.పి.ఎల్.లో ఒక జట్టుకు సొంత గడ్డపై సాధారణముగా ఏడు ఆటలు. భారత జట్టు ఏడాదికి ఒకటి రెండు సార్లు వస్తే అదియే గొప్ప. ఐదు రోజుల టెస్టును కలుపుకొన్నా పదిహేను దినములకు మించదు. రంజీ వంటి దేశవాళీ పోటీలు జరుగుతవి గాని వాటికి వచ్చే ప్రేక్షకులు కొద్దిమంది. మిగిలిన మూడు వందల యేబది దినములు ఆ గోడల వెలుపలి ఊరికి ఆ మైదానముతో సంబంధమేమి?

ఉప్పల్, రామంతాపూర్, నాచారము వీధులలో సాయంకాలము నడిచేవారికి సమాధానము దొరుకుతుంది. ఆగియున్న లారీల నడుమ, సగము కట్టిన ఇంటి ముందు, ఇటుకలు పేర్చి వికెట్లుగా నిలిపి పిల్లలు ఆడుతుంటారు. బంతి ఎదురింటి కిటికీకి తగిలితే ఆట ఆగిపోతుంది. ఎత్తుగా కొడితే ఔటు అని వారే ఒక శాసనము చేసికొన్నారు. ఆ శాసనమునకు మూలము స్థలాభావము. దేశములో పేరుపొందిన మైదానమునకు కూతవేటు దూరమున పెరిగే బాలునికి, సిక్సరు కొట్టుట నేరమైనది!

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థలముండవలెనని నియమించినది. నగరములో నేలధర పెరిగినకొద్దీ ఆ నియమము కాగితముపై మిగిలి, అద్దె మేడలలోని బడులలో వ్యాయామము మెట్లెక్కి దిగుటతో సరిపోతున్నది. నేలధర పెరుగుటకు కారణమైనవానిలో పెద్ద మైదానపు కీర్తి కూడ ఒకటి. అనగా పెద్ద ఆట తెచ్చిన పేరు, చిన్న ఆటకు చోటు లేకుండ చేయుటలో తనకు తెలియకనే ఒక చేయి వేసినది. క్రీడలు నగరమునకు మేలు చేసినవా అని తేల్చుటకు దీనిని మించిన గీటురాయి లేదు.

రాబోవు ముహూర్తములు

ఈ విచారణ గతమును తవ్వుటకు మాత్రమే కాదు. నాచారము, ఉప్పల్ ముఖము మరల మారబోతున్నది. సమాచార సాంకేతిక సంస్థలను పడమటి నుండి ఇతర దిక్కులకు విస్తరింపజేయుటకు 2020లో ప్రభుత్వము ఒక విధానమును ఆమోదించినది. 2025 నవంబరులో మరొక విధానము వెలువడినది. ఔటర్ రింగ్ రోడ్డుకు లోపలనున్న పాత పారిశ్రామిక వాడల భూములను నివాసములకు, వ్యాపారములకు, ఇతర ఉపయోగములకు మార్చుకొనుటకు అది వీలు కల్పించినది. అట్టి వాడలలో నాచారము, ఉప్పల్ కూడ ఉన్నవి. దానిపై తీవ్రమైన వాదోపవాదములు సాగినవి. ఆ వాదముల మంచిచెడ్డలు అట్లుంచి, ఒక్క మాట మాత్రము నిర్వివాదము. నగరము నడుమ ఇంతటి విశాలమైన నేల చేతులు మారే అవకాశము ఒక తరములో ఒకసారే వస్తుంది. నేడు ఆ నేలలో పిల్లల ఆటకు గీత గీయకపోతే, రేపు మేడలు లేచిన పిమ్మట గీయుటకు నేల ఉండదు.

మరొక ప్రక్క పెద్ద ఆటల ఆకర్షణ దేశమును మరల పట్టినది. 2030 కామన్వెల్తు క్రీడలు అహమ్మదాబాదుకు దక్కినవి. 2036 ఒలింపిక్ క్రీడలపై దేశము ఆశ పెట్టుకొన్నది. హైదరాబాదు కూడ తనకు పాలు కావలెనని కోరుతున్నది. వేడుక రావలెనని కోరుటలో తప్పు లేదు. 39,000 కంఠములు ఒక్కసారిగా లేచిననాటి ఉత్సాహము జాతికి కావలసినదే. కాని ముహూర్తము పెట్టుకొనుటకు ముందే ఇంటి నక్ష సిద్ధముగా ఉండవలెను. ఆ నక్షలో మొదట అడుగవలసినవి మూడు. ఈ కట్టడము వేడుక ముగిసిన మరునాడు ఎవరికి తెరచియుంటుంది? దీనిని పోషించే ఖర్చు ఎవరిది? దీనికొరకు కదలవలసి వచ్చినవారికి ఏ చోటు చూపినారు? టోక్యో, మాంట్రియల్, లండను, గచ్చిబౌలి, ఉప్పల్ ఇవన్నీ మనకు ఈ మూడు ప్రశ్నలనే నేర్పినవి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. మీ బడి చుట్టును ఒక మైలు దూరము వరకు పిల్లలచేత ఒక పటము గీయించండి. పూర్వము ఆడుకొన్న చోట్లను పెద్దలనడిగి ఒక రంగుతో, నేడు ఆడుటకు మిగిలిన చోట్లను మరొక రంగుతో గుర్తింపుమనండి. భూగోళము, చరిత్ర, పౌరశాస్త్రము మూడును ఆ ఒక్క కాగితముపై కలుస్తవి. నాచారములోని పదవ తరగతి పిల్లవాడు అట్టి పటము గీసి తన ప్రాంతపు కార్పొరేటరు చేతికిస్తే, దానిని త్రోసివేయుట అంత సులభము కాదు. రేపు కర్మాగారపు గోడ పడిపోయి ఆ నేల బయటపడినప్పుడు, అందులో రెండెకరములు మావి అని అడుగుటకు ఆ పిల్లల వద్ద ఒక ఆధారమైనా ఉంటుంది.